సర్టిఫికెట్‌లో ఉన్న బలం గొట్టంలోకి ఎందుకు రాలేదు: ఒక బసాల్ట్ రోవింగ్ కేసు

బసాల్ట్ రోవింగ్‌ను, అంటే బసాల్ట్ రాయిని కరిగించి తీసిన వేల సన్నని పోగుల కట్టను, ఎపాక్సీ రెసిన్‌లో ముంచి, మాండ్రెల్ అనే తిరిగే అచ్చు మీద చుట్టి, పీడనం తట్టుకునే గొట్టాలు చేసే చోట నేను పరీక్షల విభాగం చూస్తాను. ప్రతి బ్యాచ్ నుంచి కొన్ని రింగులు కోసి స్ప్లిట్ డిస్క్ పద్ధతిలో, అంటే ఏఎస్‌టీఎం డి2290 ప్రకారం, లాగి తెంచుతాం. చాలాకాలంగా ఆ లెక్కలు ఒకే పట్టీలో నిలకడగా ఉండేవి. ఒక కొత్త లాట్ రోవింగ్ మొదలుపెట్టాక కొన్ని రింగులు మామూలు లోడ్ కన్నా దాదాపు నాలుగో వంతు తక్కువ లోడ్‌కే తెగిపోయాయి. అన్నీ కాదు, కొన్నే. అదే మమ్మల్ని ఎక్కువ టెన్షన్ పెట్టింది. అన్నీ ఒకేలా పడిపోతే కారణం ఒక చోట దొరుకుతుంది. కొన్ని బాగుండి కొన్ని పడిపోతే ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియదు.

సరఫరాదారు పంపిన సర్టిఫికెట్ తీసి చూశాం. రోవింగ్ బలం పాత లాట్ ఎంత ఉందో అంతే ఉంది. ఆ కాగితం అబద్ధం కాదని తేలడానికి మాకు చాలా వారాలు పట్టింది. మా రింగుల లెక్క కూడా అబద్ధం కాదు. రెండూ ఎలా నిజమయ్యాయన్నదే ఈ కేసు.

మొదట వెతికిన చోట్లు

రెసిన్ మీద అనుమానంతో మొదలుపెట్టాం. గ్లాస్ ట్రాన్సిషన్ ఉష్ణోగ్రత, అంటే గట్టి రెసిన్ మెత్తబడే ఉష్ణోగ్రత, మారలేదు, క్యూరింగ్ (రెసిన్ గట్టిపడడం) సరిగానే జరిగింది. షార్ట్ బీమ్ షియర్ పరీక్షలో పోగుకీ రెసిన్‌కీ మధ్య పట్టు కూడా తగ్గలేదు. రింగులో పోగుల శాతం తగ్గిందేమోనని ముక్కల్ని కొలిమిలో కాల్చి తూచాం, అదీ మారలేదు.

ఇక్కడ మావాళ్లలో ఒకరు మంచి ఉద్దేశంతోనే ఒక పొరపాటు చేశారు. కాల్చగా మిగిలిన పోగులు చేతిలో ఉన్నాయి కదా అని వాటినే లాగి చూశారు. పాత లాట్, కొత్త లాట్ రెండూ ఘోరంగా బలహీనంగా వచ్చాయి. "బసాల్ట్ అంతా ఇలాగే ఉంటుంది" అనే మాట ఒకటి రెండు రోజులు గదిలో తిరిగింది. నిజం వేరు. గాజు పోగుల్ని 450 నుంచి 600 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తే, చల్లారాక గది ఉష్ణోగ్రతలో లాగినా బలం సగానికి పైగా పోయి ఉంటుంది. బసాల్ట్‌ది కూడా ఇదే తీరు. ఆ నష్టం శాశ్వతం, తిరిగి రాదు. కాల్చిన కాంపోజిట్ నుంచి తీసిన పోగు కొలిమి గురించి మాత్రమే చెబుతుంది, రోవింగ్ గురించి ఏమీ చెప్పదు. ఆ అంకెలన్నీ పక్కన పెట్టేశాం.

పోగు బలం అంటే దాని గాటు బలం

తర్వాత ప్యాకేజీ (సరఫరాదారు పంపే రోవింగ్ చుట్ట) నుంచి ఒక్కో పోగును విడదీసి పరీక్షించాలనుకున్నాం. ఆ పని మొదలవక ముందే ఒక వాదన వచ్చింది. కొత్త లాట్‌లో పోగులు కాస్త లావుగా ఉన్నాయి, లావు పోగు బలహీనం, కాబట్టి కారణం దొరికినట్టేనని.

ఈ నమ్మకానికి పాత మూలమే ఉంది. 1921లో గ్రిఫిత్ అనే ఇంజనీరు గాజు పుల్లల్ని లాగి చూసినప్పుడు ఒక మిల్లీమీటరు మందమున్నవి సుమారు 170 మెగాపాస్కల్స్ దగ్గర విరిగాయి. మూడు మైక్రాన్ల చిల్లర మందానికి సాగదీసినవి 3,400 దాకా తట్టుకున్నాయి. సన్నదనమే బలమని చాలామంది అక్కడే ఆగిపోయారు. 1955లో ఒట్టో అనే పరిశోధకుడు వేర్వేరు మందాల పోగుల్ని దాదాపు ఒకే పరిస్థితుల్లో తీసి చూపించాడు, అప్పుడు మందంతో బలం మారలేదు. అంటే మందం తనంతట తాను ఏమీ చేయదు. లావు పోగు తీసేటప్పుడు ద్రవం ఉష్ణోగ్రత, లాగే వేగం, చల్లారే తీరు మారతాయి, వాటితో పాటు ఉపరితలం మీద మిగిలే లోపాలూ మారతాయి. గ్రిఫిత్ అసలు మాట కూడా లోపాల గురించే.

ఆ లోపం ఎంత చిన్నదో లెక్క వేస్తే ఈ పనిలో ఎంత జాగ్రత్త కావాలో తెలుస్తుంది. గాజు పగులు నిరోధాన్ని 0.75 మెగాపాస్కల్ రూట్ మీటర్ అనుకుందాం. అర్ధ వృత్తాకారంలో ఉపరితలం మీద ఉన్న గాటు లోతు 30 నానోమీటర్లు ఉంటే పోగు 3.4 గిగాపాస్కల్స్ దాకా నిలబడుతుంది. 90 నానోమీటర్లు ఉంటే 2 గిగాపాస్కల్స్. 370 నానోమీటర్లు ఉంటే ఒక్క గిగాపాస్కల్. 13 మైక్రాన్ల పోగు మీద మైక్రాన్‌లో మూడో వంతు గాటు, మామూలు మైక్రోస్కోప్ కింద పట్టుకోవడం కూడా కష్టమైనది, బలంలో మూడింట రెండు వంతులు తినేస్తుంది.

మందం వాదనలో ఉన్న నిజం ఒక్కటే, కొలత తప్పు. 13 మైక్రాన్ల పోగును 14 అని రాసుకుంటే బలం 14 శాతం తక్కువగా కనిపిస్తుంది. ఒకే రోవింగ్‌లో పోగు పోగుకీ మందం మారుతుంది. అందుకే లాట్ సగటు వాడకుండా, లాగబోయే ప్రతి పోగునూ విడిగా కొలిచాం. అలా సరిచేశాక రెండు లాట్ల మధ్య తేడా మందంతో రాలేదని తేలింది.

తేడా లేదని తేలిన పరీక్ష

ఏఎస్‌టీఎం సి1557 పద్ధతిలో కాగితం చట్రాల మీద ఒక్కో పోగును అంటించి, 10 మిల్లీమీటర్ల గేజ్ పొడవుతో (రెండు అంటింపుల మధ్య లాగబడే పొడవు) లాగాం. పాత లాట్, కొత్త లాట్ ఒకటే. 50 మిల్లీమీటర్లతో లాగితే కొత్త లాట్ కాస్త తగ్గింది. పాతది కూడా తగ్గింది కానీ అంత కాదు.

పొడవు పెరిగితే బలం తగ్గడం సహజం. గొలుసు దాని బలహీనమైన కొక్కెం దగ్గరే తెగుతుంది. కొక్కేలు ఎక్కువయ్యే కొద్దీ చెడ్డది తగిలే అవకాశం పెరుగుతుంది. ఈ బలహీన కొక్కెం లెక్కకు వీబుల్ లెక్క అని పేరు, దానిలో వీబుల్ మాడ్యులస్ ఎంత ఎక్కువైతే పోగుల బలం అంత నిలకడ. పొడవు అయిదింతలైతే, మాడ్యులస్ 10 ఉన్న పోగుకి 85 శాతం బలం మిగులుతుంది, 5 ఉన్నదానికి 72 శాతమే. కాబట్టి కొత్త లాట్ పొడవుతో ఎక్కువగా పడిపోయిందంటే దానిలో పెద్ద గాట్లు ఉన్నాయి, కానీ అరుదుగా, దూరం దూరంగా ఉన్నాయి. 10 మిల్లీమీటర్ల ముక్కకి అవి చాలాసార్లు తగలవు.

కానీ ఇదీ నాకు సరిపోలేదు. అరుదైన గాట్లు కాంపోజిట్‌ను అంతగా బలహీనపరచవు. రెసిన్‌లో ఒక పోగు తెగితే, తెగిన చోటు నుంచి కొద్ది దూరంలోనే రెసిన్ ద్వారా లోడ్ మళ్లీ దానిలోకి ఎక్కుతుంది. 2 గిగాపాస్కల్స్ మోసే 13 మైక్రాన్ల పోగుకి, రెసిన్ పట్టు 40 మెగాపాస్కల్స్ అయితే, ఆ దూరం తెగిన చోటుకి రెండు వైపులా కలిపి మిల్లీమీటరులో మూడో వంతు. కాంపోజిట్‌కి కావలసింది చాలా చిన్న పొడవుల్లో ఉండే బలం. 50 మిల్లీమీటర్లలో కనిపించిన ఆ కొద్ది తేడా రింగులో నాలుగో వంతు పడిపోవడానికి చాలదు. ఇంకేదో ఉంది.

తెగిన ముఖం

తెగిన చోటును ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూడాలని నిర్ణయించుకున్నాం. గాజు జాతి పోగు తెగినప్పుడు దానిలో దాచుకున్న శక్తి ఒక్కసారిగా విడుదలై పోగు తునాతునకలవుతుంది, అసలు తెగిన ముఖమే దొరకదు. పోగును గ్లిజరిన్‌లో ఉంచి లాగితే ముక్కలు చెదరకుండా దొరుకుతాయి. ఈ చిన్న సంగతి నేర్చుకోవడానికి మేం చాలా పోగుల్ని వృథా చేశాం.

పగులు మొదలైన చోట చుట్టూ అద్దంలా నున్నని మచ్చ ఉంటుంది, దాని బయట గరుకు మొదలవుతుంది. తెగిన ఒత్తిడినీ ఆ మచ్చ వ్యాసార్ధపు వర్గమూలాన్నీ గుణిస్తే దాదాపు మారని సంఖ్య వస్తుంది. గాజుకి అది సుమారు 2 మెగాపాస్కల్ రూట్ మీటర్. 1 గిగాపాస్కల్ దగ్గర తెగిన పోగులో మచ్చ 4 మైక్రాన్లు ఉంటుంది, 3 దగ్గర తెగినదానిలో అర మైక్రాన్ కూడా ఉండదు. కాబట్టి మచ్చ పెద్దదైతే పోగు తక్కువకే తెగిందని అర్థం. మచ్చ కేంద్రం ఎక్కడుందో చూస్తే గాటు లోపలిదా, బయటిదా తెలిసిపోతుంది.

నా భయమంతా లోపలి లోపాల మీదే ఉండేది. బసాల్ట్ కరిగించడం ఈ-గ్లాస్ (మామూలు పోగుల గాజు) కరిగించడం కన్నా మొండి పని. రాయిలో ఉండే ఇనుము వల్ల ద్రవం నల్లగా ఉంటుంది, వేడి కిరణాలు లోతుకి చొరబడవు, పైన ఒక ఉష్ణోగ్రత, కింద ఒక ఉష్ణోగ్రత. ద్రవం సరిగా కలవకపోతే, బుషింగ్ (ద్రవం పోగులుగా జారే రంధ్రాల పళ్లెం) దగ్గర కాస్త చల్లబడితే, మాగ్నటైట్ లాంటి స్ఫటికాలు పుట్టుకొస్తాయి. ఆ గింజ పోగులో చిక్కుకుంటే అక్కడే తెగుతుంది. రాయి గని మారితే సిలికా, అల్యూమినా, ఇనుము పాళ్లు మారతాయి, ఫెర్రస్, ఫెర్రిక్ ఇనుము నిష్పత్తి కూడా మారుతుంది. అదే నిజమైతే మా చేతుల్లో ఏమీ లేదు, లాట్ మొత్తం తిప్పి పంపాలి.

అలా లేదు. బలహీనమైన పోగుల్లో మచ్చ దాదాపు ప్రతిసారీ అంచున ఉంది. లోపల స్ఫటికం గానీ బుడగ గానీ కేంద్రంగా ఉన్నవి ఒకటీ అరా తప్ప లేవు. గాటు బయటి నుంచి వచ్చింది. ఎవరో, ఎక్కడో గీశారు.

బతికిన పోగులే పరీక్షకు వచ్చాయి

ఇక్కడ నా సొంత పరీక్ష మీదే అనుమానం వచ్చింది. రోవింగ్ నుంచి పోగును విడదీసేటప్పుడు కొన్ని చేతిలోనే తెగిపోతాయి. తెగినవాటిని చెత్తలో వేసి, మిగిలినవాటిని చట్రానికి అంటిస్తాం. చెత్తలోకి పోయేవి బలహీనమైనవే. అంటే మా మెషీన్ దాకా వచ్చినవన్నీ ముందే ఒక పరీక్ష గట్టెక్కినవి. కొత్త లాట్‌లో చేతిలో తెగినవి ఎన్నో అప్పటిదాకా మేం లెక్కపెట్టలేదు. లెక్కపెట్టడం మొదలుపెట్టగానే తేడా కళ్లకు కట్టింది.

ఒక్క పోగు పరీక్షను వదలకుండా, దానికి పొడి కట్ట పరీక్షను జోడించాం. రెసిన్ లేకుండా రోవింగ్ ముక్క మొత్తాన్ని, పోగుల మధ్య రాపిడి తగ్గడానికి కాస్త నూనె రాసి, నెమ్మదిగా లాగుతాం. 1,200 టెక్స్ (కిలోమీటరుకి 1,200 గ్రాములు) రోవింగ్‌లో, సాంద్రత 2.65 అనుకుంటే, 13 మైక్రాన్ల పోగులు దాదాపు 3,400 ఉంటాయి. ఇక్కడ ఏ పోగునూ ఎవరూ ఏరరు. లోడ్, సాగుదల గీత మొదటి వాలు పోగుల సంఖ్యకీ, 85–90 గిగాపాస్కల్స్ ఉండే సాగుడు మాడ్యులస్‌కీ తగినంత ఉండాలి. తక్కువ ఉంటే కొన్ని పోగులు మెషీన్ ఎక్కక ముందే తెగి ఉన్నాయని అర్థం. లోడ్ పెరిగే కొద్దీ వాలు ఎలా వంగుతుందో చూస్తే ఏ సాగుదలలో ఎన్ని తెగాయో తెలుస్తుంది. రెండు చివర్లూ సమంగా పట్టించడం కష్టం, పోగులు వదులుగా ఉంటే వాలు తప్పు చెబుతుంది, కాబట్టి ఒక్క ముక్కతో తృప్తిపడకూడదు. అయినా ఈ కేసులో నేను అన్నిటికన్నా ఎక్కువ నమ్మిన పరీక్ష ఇదే.

ముక్కల్ని మూడు చోట్ల నుంచి తీశాం: ప్యాకేజీ నుంచి నేరుగా, క్రీల్ (ప్యాకేజీలు పెట్టే స్టాండు) గైడ్లు దాటాక, రెసిన్ తొట్టి ముందున్న ఆఖరి సిరామిక్ కన్ను, అంటే రోవింగ్ దూరి వెళ్లే గైడ్ రంధ్రం, దాటాక. పాత లాట్ మూడు చోట్లా దాదాపు ఒకేలా ఉంది, ఆఖరి కన్ను తర్వాత కొద్దిగా తగ్గింది. కొత్త లాట్ ప్యాకేజీలో బాగానే ఉండి, ఆఖరి కన్ను తర్వాత కూలిపోయింది. అక్కడ నుంచి తీసిన పోగులు 10 మిల్లీమీటర్లలోనూ బలహీనంగానే వచ్చాయి. గాట్లు ఇప్పుడు దూరం దూరంగా లేవు, దగ్గర దగ్గరగా ఉన్నాయి.

కన్ను విప్పి చూస్తే రోవింగ్ రాసుకునే చోట గాడి పడి ఉంది, గోరుకు తగులుతోంది. గాడిలో పోగుల పొడి, గట్టిపడిన రెసిన్ కలిసి ఆకురాయిలా తయారయ్యాయి. గాడి అంచు వంపు వ్యాసార్ధం 3 మిల్లీమీటర్లే అనుకుంటే, వంగడం వల్ల మాత్రమే 13 మైక్రాన్ల పోగు బయటి అంచున దాదాపు 190 మెగాపాస్కల్స్ ఒత్తిడి పుడుతుంది. నున్నని 10 మిల్లీమీటర్ల వంపులో అది 60 లోపే ఉంటుంది. దాని మీద రాపిడి కలుస్తుంది. రోవింగ్ ఒక గైడ్ మీద 90 డిగ్రీలు తిరిగితే, ఘర్షణ గుణకం 0.3 అయినప్పుడు టెన్షన్ 1.6 రెట్లు అవుతుంది. అలాంటి మలుపులు నాలుగుంటే ఆరున్నర రెట్లు. మేం టెన్షన్ కొలిచేది క్రీల్ దగ్గర. ఆఖరి కన్ను దగ్గర ఎంత ఉందో అప్పటిదాకా ఎవరూ కొలవలేదు. ఇది పూర్తిగా మా తప్పు, దీన్ని సరఫరాదారు మీద వేయలేం.

అయితే అదే కన్ను మీద పాత లాట్ ఎందుకు బతికింది?

సైజింగ్ లెక్కలో దాగిన ఇనుము

బుషింగ్ నుంచి పోగు బయటికి రాగానే దాని మీద సైజింగ్ అనే పలచని పూత పూస్తారు. బరువులో అర శాతం, ముప్పావు శాతం ఉంటుందేమో, కానీ పోగుకి చొక్కా అదే. దానిలో ఎక్కువ భాగం ఫిలిం ఫార్మర్, అంటే పోగు మీద పొర కట్టే పదార్థం. పోగును పోగు గీయకుండా, గైడ్ గీయకుండా కాపాడేది అదీ, లూబ్రికెంటూ. సైజింగ్‌లో కొద్దిగా ఉండే సైలేన్ అనే రసాయనం పోగుకీ రెసిన్‌కీ బంధం కలుపుతుంది. సైలేన్ సరిగా ఉండి ఫిలిం ఫార్మర్ పలచబడితే షార్ట్ బీమ్ పరీక్ష బాగానే వస్తుంది, పోగు మాత్రం గైడ్ల మీద గీసుకుపోతుంది. మొదట్లో ఆ పరీక్ష మమ్మల్ని పక్కదారి పట్టించింది ఇందుకే.

సైజింగ్ ఎంత ఉందో తేల్చడానికి రోవింగ్‌ను కాల్చి బరువు తగ్గుదల చూస్తారు, ఐఎస్ఓ 1887లో ఉన్న పద్ధతి అది. గాజుకి బాగా పనిచేస్తుంది. బసాల్ట్‌కి ఒక చిక్కుంది. గాలిలో కాలుస్తుంటే దానిలోని ఫెర్రస్ ఇనుము ఆక్సిజన్ పట్టుకుని బరువెక్కుతుంది. ఫెర్రస్ ఆక్సైడ్ పూర్తిగా ఫెర్రిక్‌గా మారితే దాని బరువు 11 శాతం పెరుగుతుంది. పోగులో అది 5 శాతం ఉండి మొత్తం మారిపోయిందనుకుంటే పోగు బరువు అర శాతానికి పైగా పెరుగుతుంది, అంటే సైజింగ్ కాలిపోయిన బరువంతా కనబడకుండా పోవచ్చు. నిజంలో మార్పు పాక్షికంగానే జరుగుతుంది, ఎంతన్నది వేడి మీదా సమయం మీదా ఉంటుంది. అందుకని సాల్వెంట్‌తో బాగా కడిగిన అదే రోవింగ్ ముక్కను పక్కనే పెట్టి కాల్చి, రెండింటి తేడా తీసుకున్నాం. సైలేన్ కడిగితే పోదు, కానీ మాకు కావలసింది ఫిలిం ఫార్మర్ లెక్క.

ఈ సవరణతో చూస్తే కొత్త లాట్ సగటు స్పెసిఫికేషన్ లోపలే ఉంది. కానీ ప్యాకేజీ బయటి పొరల్లో ఎక్కువ, లోపలి పొరల్లో బాగా తక్కువ. తడి ప్యాకేజీని ఓవెన్‌లో ఆరబెట్టేటప్పుడు నీరు బయటికి ప్రయాణిస్తూ సైజింగ్‌ను తనతో మోసుకెళ్తుంది. నెమ్మదిగా ఆరితే ఈ వలస తక్కువ, తొందరపెడితే ఎక్కువ. అడిగితే సరఫరాదారు దాచకుండా చెప్పారు, ఆ లాట్ నుంచి ఆరబెట్టే సమయం తగ్గించారట.

అప్పుడు మా లాగ్ బుక్ తీశాను. మేం రోవింగ్‌ను ప్యాకేజీ లోపలి నుంచి లాగుతాం. బలహీనంగా వచ్చిన రింగులన్నీ ప్యాకేజీ మొదట్లో చుట్టిన గొట్టాలవి. చివర్లో చుట్టినవి బాగున్నాయి. కొన్నే ఎందుకు పడిపోయాయన్న మొదటి ప్రశ్నకు జవాబు మొదటి రోజు నుంచీ మా బీరువాలోనే ఉంది.

నిర్ధారణకు నాలుగు రకాలుగా గొట్టాలు చుట్టాం. పాత లాట్, కొత్త కన్ను: మామూలు బలం. పాత లాట్, గాడి కన్ను: కొద్దిగా తక్కువ. కొత్త లాట్ లోపలి పొరలు, కొత్త కన్ను: కొద్దిగా తక్కువ. కొత్త లాట్ లోపలి పొరలు, గాడి కన్ను: అదే నాలుగో వంతు నష్టం. విడివిడిగా రెండు లోపాలూ రోజువారీ హెచ్చుతగ్గుల్లో కలిసిపోయేవి. కలిస్తేనే బయటపడ్డాయి.

సర్టిఫికెట్ సంగతి కూడా ఇక్కడే తేలింది. అది ఐఎస్ఓ 9163 ప్రకారం రెసిన్‌లో ముంచిన రోవింగ్ పరీక్ష. రెసిన్ ఉంది కాబట్టి అరుదైన గాట్లు లెక్కలోకి రావు. ముక్కను తీసింది ప్యాకేజీ బయటి పొరల నుంచి, సైజింగ్ దండిగా ఉన్న చోటు నుంచి. అది మా గైడ్ల మీద నడవలేదు. వాళ్లు కొలిచింది కచ్చితంగా కొలిచారు.

అప్పటికే చుట్టిన గొట్టాలు

కన్ను మార్చాం, ఆఖరి గైడ్ తర్వాత టెన్షన్ కొలవడం మొదలుపెట్టాం, లోపలి పొరల నుంచి కూడా ముక్క తీసి పరీక్షించాలని సరఫరాదారుతో ఒప్పందం రాసుకున్నాం. ఇదంతా తేలిక. అప్పటికే చుట్టి పెట్టిన గొట్టాలే కష్టమైన ప్రశ్న.

ఒక సూచన వచ్చింది: పని పీడనానికి ఒకటిన్నర రెట్లతో నీటి పరీక్ష చేసి, నిలిచినవాటిని పంపేద్దామని. నేను ఒప్పుకోలేదు. నీటి అణువు గాటు కొన దగ్గర సాగి ఉన్న సిలికాన్–ఆక్సిజన్–సిలికాన్ బంధాన్ని తెంచుతుంది. ఒత్తిడి తెంచడానికి సరిపోకపోయినా, తేమ ఉంటే గాటు నెమ్మదిగా పెరుగుతూనే ఉంటుంది. అందుకే గాజు పోగును ద్రవ నైట్రోజన్‌లో లాగితే గదిలో కన్నా చాలా ఎక్కువ బలం వస్తుంది, లోడ్‌ను పది రెట్లు నెమ్మదిగా పెంచితే గదిలోనే సుమారు పది శాతం తక్కువ వస్తుంది. నిమిషాల పరీక్షలో నిలిచిన గొట్టం ఏళ్ల తరబడి లోడ్ కింద నిలుస్తుందన్న హామీ లేదు. పైగా ఆ పరీక్షలోనే గాట్లు ఇంకాస్త పెరుగుతాయి. చెక్కుచెదరని పోగులున్న గొట్టానికి ఆ పెరుగుదల లెక్కలోకి రాదు. పక్కపక్క పోగులన్నీ ఒకే వైపు గీసుకుపోయిన గొట్టానికి వస్తుంది.

లాగ్ బుక్ చూసి, ప్యాకేజీ మొదటి సగంతో చుట్టిన గొట్టాలన్నిటినీ పక్కకు తీసి, పీడనం అక్కర్లేని పనులకు మళ్లించాం. మిగతా సగంలో ప్రతి గొట్టం చివర నుంచి ఒక రింగు కోసి లాగి, మామూలు పట్టీలో ఉన్నవాటినే ఉంచుకున్నాం. ఇప్పుడు ప్రతి కొత్త లాట్‌లో ఒక ప్యాకేజీ విప్పి, లోపలి, మధ్య, బయటి పొరల నుంచి ముక్కలు తీసి, ఆఖరి కన్ను దాటించి, పొడి కట్ట పరీక్ష చేశాకే చుట్టడం మొదలుపెడతాం. రోవింగ్ విడదీసేటప్పుడు చేతిలో తెగిన పోగుల సంఖ్యకు కూడా పట్టికలో ఒక గడి ఉంది.